బెత్తెడు సందు

ఖిలా వరంగల్ ప్రాథమిక పాఠశాలలో పొద్దున మొదటి పీరియడు రాజమల్లు సారుది. ఆయన అసలు డ్రిల్లు సారు. డ్రాయింగు చెప్పే సారు బదిలీ మీద పోయి, ఆ జాగాలోకి ఇంకెవరూ రాకపోయేసరికి, హెడ్మాస్టరు సత్యనారాయణ గారు ఆ పని కూడా ఈయన మెడకే తగిలించారు. అంతకు ముందు ఎండాకాలం సెలవుల్లో సర్కారు పంపిస్తే యోగా శిక్షణకు వెళ్ళొచ్చాడు కాబట్టి అదీ ఈయనే చెప్పాలి. మూడు పనులు, ఒక్క పీరియడు. ఇంకొకరైతే సోమవారం ఇది, మంగళవారం అది అని పంచుకునేవాళ్ళు. రాజమల్లుకు అట్లాంటి తెలివితేటలు లేవు. మూడింటినీ కలిపి ఒకే పాఠం చేసేశాడు.

గంట కొట్టగానే పిల్లలు గది మధ్యలో జంపఖానాలు పరిచేవాళ్ళు. అవి కరీముద్దీన్ ఇచ్చినవి. బడికి రెండు సందుల అవతల అతని మగ్గం. అంచు వంకరపోయో, రంగు సరిగ్గా పట్టకో బజారుకు పనికిరానివి వస్తే, మడతపెట్టి తెచ్చి బడి అరుగు మీద వేసి పోయేవాడు. వాటి మీద పిల్లలు ముందు నిటారుగా నిలబడేవాళ్ళు, తర్వాత మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళు, ఆ తర్వాత బోర్లా పడుకుని పాములా తల ఎత్తేవాళ్ళు. పాము దగ్గర రోజూ కొంత గోల అయ్యేది. ఒకడు బుసకొట్టేవాడు, ఇంకొకడు పక్కవాణ్ణి కాటేసేవాడు. రాజమల్లు బెత్తం పట్టేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, పాములన్నీ సద్దుమణిగేదాకా నిలబడేవాడు.

అప్పుడు కళ్ళు మూసుకోమనేవాడు.

"ఊపిరి యాడున్నదో సూడుండ్రి. ముక్కుల ఉన్నదా, కడుపుల ఉన్నదా? దాన్ని పిలవొద్దు, తరమొద్దు. వస్తే రానియ్యుండ్రి, పోతే పోనియ్యుండ్రి."

"సార్, నాది యాడ దొరుకుతలేదు," అనేవాడు గట్టయ్య అనే పిల్లగాడు, ఒక కన్ను తెరిచి.

"దొరకకుంటే ఇప్పుడు ఎట్ల మాట్లాడ్తానవ్ బిడ్డా? మూయి కన్ను."

అది కుదిరాక బొమ్మలు. గది వెనక గోడ జాజు పూసి ఎర్రగా ఉండేది. పిల్లలు సుద్దముక్కలు పట్టుకుని దాని ముందు కూర్చునేవాళ్ళు. ఊపిరి నిండా పీల్చి, బిగబట్టి, ఆ బిగింపులోనే గీత గీయాలని రాజమల్లు నియమం. చెయ్యి ఎత్తాకే ఊపిరి వదలాలి. అట్లా గీస్తే గీత వణకదని ఆయన నమ్మకం. గీత వణికేది కాదు, నిజమే. దానితో పాటు పిల్లలు బిగబట్టిన ఊపిరి కొంత బొమ్మలోకి పోయేది. కోడిని గీస్తే కోడి పొట్ట ఎగిసి పడేది. పిల్లిని గీస్తే, గోడకు చెవి ఆనించిన వాళ్ళకు గుర్రుమని వినబడేది. పూర్తయిన బొమ్మ సాయంత్రం దాకానో, మర్నాటి పొద్దుటి దాకానో ఊపిరి తీసి, తర్వాత మెల్లగా ఆగిపోయేది.

గది ఊడ్చే బక్కమ్మ తడిగుడ్డతో గోడ తుడిచే ముందు ప్రతి బొమ్మ మీదా అరచెయ్యి పెట్టి చూసేది. ఇంకా కదులుతుంటే "ఇది ఇంకింతసేపు ఉండనీ" అని దాన్ని వదిలి పక్కది తుడిచేది. ఒకసారి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆ గోడ ముందు చాలాసేపు నిలబడి, "బొమ్మల ఊపిరి బాగానే ఉందయ్యా, పిల్లల ఎక్కాలే బాగలేవు" అని మందలించి పోయాడు.

జోడీ బొమ్మ అనేది మాత్రం రాజమల్లు కరీముద్దీన్ మగ్గం దగ్గర నేర్చుకున్నాడు. పెద్ద జంపఖానా ఒక్కరి చేతికి అందదు. మగ్గం ముందు పలక మీద కరీముద్దీన్, అతని భార్య ఫాతిమా బేగం పక్కపక్కన కూర్చునేవాళ్ళు. ఇతను తన వైపు నుంచి పోగు తోస్తే ఆమె తన వైపు అందుకునేది. పోగు దాటాక ఇద్దరూ కలిసి దాన్ని గట్టిగా నేతలోకి దిగగొట్టేవాళ్ళు. మధ్యలో మాటలు ఉండవు. ఒకరు ముందు పోరు, ఒకరు వెనక పడరు. చూస్తూ చూస్తూ రాజమల్లుకు ఇద్దరి ఊపిరీ ఒకటేనని తోచింది. మర్నాడే క్లాసులో పిల్లల్ని జోడీలుగా కూర్చోబెట్టాడు. ఒక బొమ్మను ఒకరు ఆ చివర నుంచి, ఒకరు ఈ చివర నుంచి మొదలుపెట్టాలి. ఇద్దరూ ఒక్కసారే పీల్చి, ఒక్కసారే బిగబట్టి గీస్తూ రావాలి. మధ్యలో గీతలు కలవాలి.

"గీతలు కలిసేదాక ఇద్దరిల ఎవ్వరు గూడ వదలొద్దు. జోడీ అంటే గదే," అని గట్టిగా చెప్పాడు. పెద్ద బొమ్మ అయితే మధ్యమధ్య ఆగి, ముక్కలు ముక్కలుగా గీసుకోవచ్చు. ఏ ముక్కకు ఆ ముక్క ఇద్దరూ కలిసే ముగించాలి. జోడీ బొమ్మలు మామూలు వాటికంటే ఎక్కువసేపు ఊపిరి తీసేవి.

రాజమల్లు కూతురు చిలుకమ్మ అదే బడిలో నాలుగో తరగతి. ఇంట్లో బాపు, బడిలో సార్ అని పిలవాలని వాళ్ళమ్మ సోమక్క కట్టడి చేసింది. ఆ పిల్లకు రెండూ కలిసిపోయి "బాపు సార్" అనేది. క్లాసంతా నవ్వేది. చిలుకమ్మకు జోడీ ఎప్పుడూ సాబిరానే. కరీముద్దీన్ ఒక్కగానొక్క బిడ్డ. ఇద్దరికీ ప్రతిసారీ తగాదా ఒకటే, తలకాయ ఎవరు గీయాలని. ప్రతిసారీ తలకాయ చిలుకమ్మకే వచ్చేది, తోక సాబిరాకు మిగిలేది. సాబిరా మూతి ముడుచుకుని తోక గీస్తూ గీస్తూ కాసేపటికి మరిచిపోయేది.

డెబ్బై ఎనిమిదిలో వానలు వెనకబట్టాక ఇద్దరూ ఒక బర్రెను మొదలుపెట్టారు. ఊరికే బర్రె కాదు, గోడ కింది భాగమంతా పట్టే బర్రె. చిలుకమ్మ కొమ్ములు గీసింది, ఒక చెవి వాల్చింది, కంటికి ఇంతింత రెప్పలు పెట్టి కాటుక కూడా దిద్దింది. సాబిరా వెనక కాళ్ళూ తోకా గీసుకుంటూ వచ్చింది. వీపు గీతలు కలిశాయి. కడుపు గీత ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు గీస్తూ వచ్చి, మధ్యలో బెత్తెడు సందు ఉండగా చిలుకమ్మ సుద్ద కింద పెట్టేసింది.

"బాపు సార్, తలకాయ నొస్తాంది."

రాజమల్లు నుదురు పట్టి చూశాడు. వెచ్చగా ఉంది. "మిగిలింది రేపు గీద్దురు తియ్యి," అని ఇంటికి పంపించాడు.

ఆ జ్వరం మెదడుకు ఎక్కింది. పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. డాక్టర్లు చెయ్యాల్సింది చేశారు. వారం తిరగకముందే చిలుకమ్మ చచ్చిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ ఇంట్లో ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పడానికి ఏమీ లేదు, బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన ఇల్లు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది.

దినాలయ్యాక రాజమల్లు బడికి వచ్చాడు. గదిలో బక్కమ్మ తడిగుడ్డ పట్టుకుని ఒక పక్కకు నిలబడి ఉంది. గోడంతా తుడిచింది, బర్రె ఒక్కటే మిగిలింది.

"ముట్టుకోలే సారూ," అంది బక్కమ్మ. "ఇది ఆగుతలేదు."

బర్రె కడుపు ఎగిసి పడుతోంది. రాజమల్లు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ బెత్తెడు సందు దగ్గర చెవి పెట్టాడు. ఊపిరి లోపలికి పోతూ ఒకచోట చిన్నగా తట్టుకుంటోంది, తర్వాత మెల్లగా బయటికి వస్తోంది. నిద్రలో బిడ్డకు అట్లాగే తట్టుకునేదని ఆయనకు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనుకున్నాడు. అక్కడే గోడకు తల ఆనించి, పిల్లలందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

పూర్తయిన బొమ్మ ఊపిరి వదిలేస్తుందనీ, పూర్తి కానిది వదలదనీ ఆ బడిలో అందరికీ తెలుసు. కాబట్టి ఆ సందు పూడ్చమని ఎవరూ అనలేదు. పండుగకు బడికి సున్నాలు వేయించినప్పుడు హెడ్మాస్టరు గారు ఆ గోడ వైపు చూడకుండానే, "అది అట్లా ఉండనివ్వండి" అని కూలీలకు చెప్పారు.

బర్రె ఊపిరి విన్న రోజు సాయంత్రమే రాజమల్లు ఇంట్లో చెప్పాడు. సోమక్క చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"రేపు నాతోని రా. ఒక్కపారి విను."

"నేను రాను."

"నీ బిడ్డ ఊపిరే గదనే?"

"రానన్న గద," అంది సోమక్క. రాళ్ళు లేని చోట కూడా ఏరుతూనే ఉంది. రాజమల్లుకు కోపం వచ్చింది. ఈమెది గుండెనా బండనా అనుకున్నాడు. ఆ తర్వాత మళ్ళీ పిలవలేదు.

క్లాసు మాత్రం జరుగుతూనే ఉంది. కానీ అది పాత క్లాసు కాదు. ఆయన గోడకు వీపు ఆనించి, బర్రె పక్కనే కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆసనాలు తగ్గిపోయాయి. పామునైతే తీసేశాడు. కళ్ళు మూసుకునే సమయం పెరిగింది. ఇదివరకు పిల్లలు తమ ఊపిరి తాము చూసుకోవాలని గదిని నిశ్శబ్దంగా ఉంచేవాడు. ఇప్పుడు తనకు గోడ ఊపిరి వినబడాలని ఉంచుతున్నాడు. పిల్లలకు ఆ సంగతి తెలుసు. గట్టయ్య కూడా కన్ను తెరవడం మానేశాడు. దగ్గు వస్తే మింగేవాళ్ళు, తుమ్ము వస్తే ముక్కు నలుపుకునేవాళ్ళు. బొమ్మల సమయం తగ్గి తగ్గి, చివరికి సుద్దపెట్టె తెరవడమే మానేశారు. ఒక్క పిల్లవాడు కూడా ఇంట్లో దీని గురించి ఫిర్యాదు చెయ్యలేదు. తమ సారు దుఃఖం కోసం అంతమంది చిన్నపిల్లలు కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

సాబిరా వెనక వరసలో కూర్చునేది. రాజమల్లు ఆ పిల్ల వైపు చూసేవాడు కాదు. చూస్తే పక్కన ఖాళీ కనబడుతుంది. అందుకే ఆ పిల్ల చిక్కిపోతున్న సంగతి గానీ, మెట్లెక్కి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడిపోతున్న సంగతి గానీ ఆయన కంట పడలేదు. చలికాలం ముదిరాక సాబిరా బడికి రావడం మానేసింది.

"సార్, సాబిరకు ఆయాసం," అని పిల్లలు చెప్పారు. సరేనన్నాడు. మళ్ళీ చెప్పారు. అప్పుడు మాత్రం, నా బిడ్డతో తిరిగిన పిల్ల కదా, చూసి రాకపోతే ఏం బాగుంటుంది అని బడి వదిలాక కరీముద్దీన్ ఇంటికి వెళ్ళాడు.

మొగుడూ పెళ్ళాం మగ్గం మీద ఉన్నారు.

"రాండ్రి సార్, కూసోండ్రి," అన్నాడు కరీముద్దీన్ గాబరాగా.

"బిడ్డ బడికి వస్తలేదంటె..."

"ఏం జెప్పాలె సార్. దవాఖానకు తీస్కపోయినం. సూదులిచ్చిండ్రు, గోలీలిచ్చిండ్రు. జరసేపు మంచిగుంటది, మల్ల అంతే. దర్గాల తాయెత్తు గూడ కట్టిచ్చినం."

సాబిరా మూలన, మడతపెట్టిన జంపఖానాల దొంతికి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది. రాజమల్లు దగ్గరికి పోయి కూర్చున్నాడు. పలకరిద్దామని నోరు తెరిచి, అట్లాగే ఆగిపోయాడు.

పిల్ల ఊపిరి లోపలికి పోతూ ఒకచోట చిన్నగా తట్టుకుంటోంది. తర్వాత మెల్లగా బయటికి వస్తోంది.

ఆ ఊపిరి ఆయనకు తెలుసు. ఇన్ని నెలలుగా ప్రతి పొద్దునా ఆయన చెవి పెట్టి విన్నది అదే. కాదనుకుందామని చూశాడు. రోగమొచ్చిన పిల్లలందరూ ఇట్లాగే ఊపిరి తీస్తారనుకుందామని చూశాడు. కుదరలేదు.

"ఎప్పటిసంది ఇట్ల?" అని అడిగాడు.

"ఆ బర్రె బొమ్మ..." అని ఫాతిమా బేగం ఏదో అనబోయింది.

"నువ్వు ఊకో," అన్నాడు కరీముద్దీన్.

ఆమె పలక మీద నుంచి లేచి బిడ్డకు వేడినీళ్ళు తాపడానికి వచ్చింది. కరీముద్దీన్ చేతులు ఊరికే పెట్టుకోలేక, ఒక్కడే ఒక వరస నేద్దామని చూశాడు. తన వైపు నుంచి పోగు తోసి, ఆమె వైపుకు ఒరిగి అందుకుని, మళ్ళీ ఇటు జరిగి దిగగొట్టాడు. ఆ ఒక్క వరసకే అతనికి రొప్పు వచ్చింది, నుదుటి మీద చెమట పట్టింది. రాజమల్లు చూస్తూ కూర్చున్నాడు. జోడీలో ఒకరు లేచిపోయారు. కూర్చున్న పిల్ల రెండు వైపుల బరువూ ఒక్కతే లాగుతోంది. గోడ మీద బర్రె అందుకే ఆగడం లేదు.

పోతానని లేచాడు. కరీముద్దీన్ సందు చివరిదాకా వెంట వచ్చాడు.

"నీకెప్పుడు ఎరుకైంది కరీం భాయ్?"

"శానా దినాలాయె సార్."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల జెప్పాలె?" అన్నాడు కరీముద్దీన్. "మీ బిడ్డ ఊపిరి ఆపుండ్రి అని మీ మొఖం మీద ఎట్ల అనాలె? ఫాతిమా దినాం కొట్లాడ్తాంది, పోయి అడుగు, అడుగు అని. బడి గేటు దాక వస్త, మల్ల తిరిగి పోత. నాకు గూడ బిడ్డ ఉన్నది గద సార్, మీ బాధ నాకు తెల్వదా?"

"ఫికర్ చేయకు, నేను సూస్త," అన్నాడు రాజమల్లు. రేపే బర్రె కడుపు దగ్గరి సందు పూడ్చేస్తాననుకున్నాడు.

రేపు వచ్చింది. సుద్దముక్క జేబులో వేసుకుని బడికి పోయాడు. బర్రె పక్కన కూర్చున్నాడు. ఈ ఒక్కరోజు విని రేపు గీద్దాంలే అనుకున్నాడు. మర్నాడూ అదే అనుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. పరాయి బిడ్డ ప్రాణం తీసి తన బిడ్డను ఉంచుకుందామని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. కానీ గోడకు చెవి ఆనించాక లేవడం ఆయన వల్ల కాలేదు. చేతులారా చెయ్యాల్సిన పని అది, చేస్తే మళ్ళీ వినబడేది ఏమీ ఉండదు. అట్లా చాలా పొద్దులు గడిచిపోయాయి. జేబులో సుద్ద అరిగి పొడి అయింది. రోజురోజుకూ ఆ తట్టు పెద్దదవుతున్నదని ఆయనకు తెలుస్తూనే ఉంది.

ఒకరోజు క్లాసు మధ్యలో బర్రె కడుపు పైకి లేచి అట్లాగే ఉండిపోయింది. రాజమల్లు చెవి ఆనించాడు. లోపల చప్పుడు లేదు. చాలాసేపటికి, ఎవరో గుంజినట్టు, కడుపు కిందికి దిగింది. ఆయన లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా కరీముద్దీన్ ఇంటికి ఉరికాడు.

వాకిట్లో రిక్షా ఉంది. కరీముద్దీన్ బిడ్డను చేతుల మీద ఎత్తుకుని బయటికి వస్తున్నాడు. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి.

"దవాఖాన తర్వాత! బడికి తే కరీం భాయ్, బడికి!"

కరీముద్దీన్ ఏమీ అడగలేదు. బిడ్డను భుజాన వేసుకుని పరుగెత్తాడు. వెనక ఫాతిమా బేగం.

పిల్లలు కళ్ళు మూసుకుని ఎట్లా కూర్చున్నవాళ్ళు అట్లాగే ఉన్నారు. సాబిరాను సందుకు తోక వైపు కూర్చోబెట్టి, తల్లి వెనక నుంచి పొదివి పట్టుకుంది. రాజమల్లు పోయి తలకాయ వైపు, తన బిడ్డ కూర్చున్న జాగాలో కూర్చున్నాడు. కొత్త సుద్దముక్కలు రెండు తీసి, ఒకటి సాబిరా వేళ్ళలో పెట్టాడు.

"బిడ్డా, ఇయ్యాల నేను చిలుక జాగల కూసుంటాన. నువ్వు అటు నుంచి రా, నేను ఇటు నుంచి వస్త. గా బెత్తెడే."

సాబిరా కళ్ళు తెరిచింది. బర్రెను చూసింది, ఆయన్ను చూసింది. "కలిస్తే చిలుక పోతది గద సార్," అంది. ఒక్కో మాటకూ ఆగుతూ అంది.

"నువ్వెందుకు ఇన్ని దినాలు పట్టుకున్నవ్ బిడ్డా? ఇడిసిపెట్టకపోయినవా?"

"మీరే జెప్పిండ్రు గద సార్. గీత కలిసేదాక వదలొద్దని. చిలుక రాకముందుకు నేనెట్ల వదలాలె?"

రాజమల్లు చెప్పిన పాఠాన్ని ఈ పిల్ల ఒక్కతే ఇంత శ్రద్ధగా నేర్చుకుంది. జోడీ పోయినా, ఊపిరి ఆడకపోయినా, సారు చెప్పిన మాట తప్పకుండా సగం గీతను పట్టుకుని కూర్చుంది.

"ఇగో, వస్తాంది," అన్నాడు. "చిలుకనే వస్తాంది. అందరు ఊపిరి తీసుకోండ్రి."

క్లాసంతా పీల్చింది. "బిగబట్టుండ్రి."

రెండు సుద్దలూ గోడ మీద కదిలాయి. సాబిరా గీత వణకలేదు. రాజమల్లు గీత వణికింది. సందు వేలెడంత అయింది, గోరంత అయింది. అక్కడ రాజమల్లు చెయ్యి ఆగిపోయింది. సాబిరా తన వంతు గీసేసి, సుద్ద గోడకు ఆనించి, ఎదురుచూస్తోంది. ఆ పిల్ల మొహం నల్లబడుతోంది. కానీ కళ్ళలో భయం లేదు, సారు వస్తాడని నమ్మకం ఉంది. ఇన్ని నెలల తర్వాత రాజమల్లు ఆ పిల్లను మొదటిసారి సరిగ్గా చూశాడు. చూశాక, గోరంత సందునూ గీసేశాడు.

బర్రె కడుపు కిందికి దిగింది. గోడలోంచి ఒక వెచ్చటి ఊపిరి బయటికి వచ్చి, వరసగా పిల్లలందరి మొహాలకూ తగిలి, కిటికీలోంచి పోయింది. కడుపు మళ్ళీ లేవలేదు.

పిల్లలింకా బిగబట్టే ఉన్నారు. వదలమని చెప్పాల్సింది ఆయన. ఆ మాట ఆయన నోట రావడం లేదు. గట్టయ్య బుగ్గలు ఉబ్బిపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. సాబిరా కూడా పట్టుకునే ఉంది.

"వదలుండ్రి," అన్నాడు రాజమల్లు. "ఇగ వదలుండ్రి బిడ్డలారా."

గదంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. సాబిరా వదిలి, మళ్ళీ కడుపు అడుగుదాకా పీల్చి, దగ్గి, పెద్దగా ఏడ్చింది. తల్లి ఏడ్చింది. కరీముద్దీన్ గుమ్మం దగ్గర చతికిలబడి ఇద్దరికంటే గట్టిగా ఏడ్చాడు. బక్కమ్మ వచ్చి బర్రె మీద అరచెయ్యి పెట్టి చూసింది. ఆ రోజు గోడ తుడవకుండానే వెళ్ళిపోయింది.

సాబిరాకు ఆయాసం మళ్ళీ రాలేదు. కొన్నేళ్ళకు తల్లికి బదులు తండ్రి పక్కన పలక మీద కూర్చుంది. పొద్దంతా నేసినా ఆ పిల్లకు అలుపు రాదని ఖిలాలో చెప్పుకునేవాళ్ళు.

సందు పూడ్చిన సాయంత్రం రాజమల్లు ఇంటికి వచ్చి గడప మీద కూర్చున్నాడు. చేతికి ఇంకా సుద్ద అంటుకుని ఉంది. సోమక్క ఆ చేతిని చూసింది. పొయ్యి మీద ఎసరు దించేసి, వచ్చి పక్కన కూర్చుంది.

"గీసినవా?"

"గీసిన."



"నేనెందుకు రాలేదో ఎరుకనా?" అంది సోమక్క. "వస్తే ఆ గోడ కాడనే ఉండిపోదును. ఇల్లు లేదు, నువ్వు లేవు, ఏం లేదు. నువ్వైన వినొస్తానవ్ గద, గది సాలనుకున్న." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎట్లుండేదో ఒక్కపారి జెప్పు."

నోటితో చెప్పేది కాదు అది. రాజమల్లు కళ్ళు మూసుకుని, తాను విన్నట్టుగా ఊపిరి తీసి చూపించాడు. లోపలికి పీల్చి, ఒకచోట చిన్నగా తట్టి, మెల్లగా వదిలాడు. సోమక్క తల అడ్డంగా ఊపింది.

"గట్ల గాదు. దానిది యాడ తట్టుకోలే. తొమ్మిదేండ్లు నా మెడ మీద ఊపిరిడుస్త పండుకున్నది, నాకు తెల్వదా? సాఫ్‌గ పోయి సాఫ్‌గ వచ్చేది."

రాజమల్లు ఇన్ని నెలలూ గోడకు చెవి పెట్టి విన్నది చిలుకమ్మను కాదు. ఆ తట్టు సాబిరాది, ఆ కష్టమంతా సాబిరాది. తన బిడ్డ ఊపిరి ఆ సందు అవతల ఒక్కటే ఒక్కటి ఆగి ఉండిపోయింది, బయటికి రావడానికి దారి లేక. ఆయన దాన్ని ఒక్కసారే విన్నాడు, గీతలు కలిశాక.

"ఆఖర్ది," అన్నాడు. "ఆఖర్ది యాడ తట్టుకోలే సోమా. సాఫ్‌గ పోయింది. పిల్లలందరికి తగిలింది."

"ఐతే గది మన బిడ్డది," అంది సోమక్క. "గంతమంది పిల్లలకు తగిలింది. నేనొక్కదాన్నే రాకపోతి," అంది.

బిడ్డ పోయిన తర్వాత మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు పట్టుకుని ఏడవడం అదే మొదటిసారి. ఆ రాత్రి ఆ ఇంట్లో వంట కాలేదు. ఫాతిమా బేగం రొట్టెలు చేసి పంపింది.